మోకాలి లోతు గుంత

నా మోకాలు బాగుంది. ఇది నా మాట కాదు, ఖమ్మం డాక్టరు మాట. ఆపరేషన్ అయిన రెండేళ్ల మూడు నెలలకు, మొన్న దసరా దాటాక మళ్లీ పోతే, ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వైపు ఎత్తి చూసి, "బ్రహ్మాండంగా ఉందమ్మా. కొత్త మోకాలు చెక్కు చెదరలేదు" అన్నాడు.

"మోకాలు బ్రహ్మాండంగ ఉంటే మనిషెందుకు గిట్లున్నది సారూ?" అన్నాను.

ఆయన నవ్వాడు. పక్కనున్న నర్సమ్మ కూడా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. చీకటితో లేచి, రెండు బస్సులు మారి, సీటు దొరక్క సగం దారి కడ్డీ పట్టుకుని వేలాడుతూ పోయినదాన్ని. వాళ్లను నవ్వించడానికి పోలేదు.

ఒప్పుకుంటాను, కుడి మోకాలు కోసి కొత్తది పెట్టాక అందులోని పాత నొప్పి పోయింది. ఎముకా ఎముకా రాసుకునే ఆ బాధ పగవాళ్లకు కూడా వద్దు. కానీ అది పోయిన చోట సుఖం వచ్చి కూర్చుందా అంటే, ఎక్కడిది? ఇప్పుడు తుంటి లాగుతుంది. నడుం పట్టేస్తుంది. ఇన్నాళ్లూ మంచిదని పేరున్న ఎడమ మోకాలు మెట్టు చూస్తేనే మొరాయిస్తుంది. కర్ర పట్టుకుని పట్టుకుని భుజం పోయింది. కుట్టు పక్కన అరచేయంత మేర స్పర్శే లేదు, అక్కడ దోమ వాలినా నాకు తెలియదు. చలి పెట్టిన రోజు పొద్దున కాలు నాది కానట్టే ఉంటుంది, దాన్ని చేత్తో ఎత్తి మంచం దించుకోవాలి.

డాక్టరు ఓపికగానే చెప్పాడు. "ముందు నీ కాళ్లు రెండూ వంకరే, కాబట్టి సమంగా ఉండేవి. ఇప్పుడు ఒకటి నిటారైంది, ఒకటి వంకరగానే ఉంది. అడుగు అడుగుకీ నడుం ఒక పక్కకు ఒరుగుతోంది. రెండోదానికి ఆర్నెల్లకే రమ్మన్నాను గదమ్మా, ఎందుకు రాలేదు?"

ఏం చెప్పను? మొదటిదానికి మోకాలు వంచే కసరత్తులు చేయించిన మూడు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు వాటంతటవే బిగుసుకుంటాయి. అలసిపోయాను సారూ, అనాలనిపించింది. "వస్త సారూ" అని బస్సెక్కాను.

భద్రాచలం రోడ్డు దిగి అడవిలోకి ఆరు కిలోమీటర్లు వస్తే మా ఊరు. మోకాలు మార్పించుకున్న మొదటి మనిషిని ఇక్కడ నేనే. ముప్ఫై ఏళ్లు ఆశ్రమ పాఠశాలలో వంట చేశాను. రెండు వందల మంది పిల్లలకు పొద్దూ మాపూ అన్నం వార్చిన కాళ్లివి. ఆపరేషన్ అయి వచ్చిన కొత్తలో ఊరు ఊరంతా వచ్చి కుట్టు చూసి పోయింది. "ఎట్లుంది కన్నమ్మా?" అని అడిగిన ప్రతి ఒక్కరికీ "బాగైంది" అనే చెప్పాను. బాగాలేదంటే, "మరి అంత దూరం పోయి కోయించుకునుడెందుకు?" అంటారు. ఆ మాట పడటం నా వల్ల కాదు.

నా తోటికోడలు ముత్యాలు కూడా అడిగింది. ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు. "అక్కా, నిజం చెప్పు, బాగైందా?" అని. "బాగైందంటే ఇనవా? చెవుల పత్తి పెట్టుకున్నవా?" అని కసురుకున్నాను. ముత్యాలంటే నాకు అప్పటికే గుర్రు. దానికో కారణముంది.

మా ఇంట్లో కొత్తల పండుగ చేస్తాం. కొత్త వడ్లు ఇంటికొచ్చాక, పెద్దలకు పెట్టనిదే ఎవరమూ ఆ గింజ నోట పెట్టుకోం. మా మామల కాలం నాటి పాతిల్లు తీసేసి నా మరిది స్లాబు ఇల్లు కట్టుకున్నాడు గానీ, వెనకాల, మా ఇంట్లో పోయినవాళ్లు కొలువుండే పెద్దల కుండ ఉన్న గదిని మాత్రం ముట్టుకోలేదు. అది మట్టి నేల, మట్టి గోడలతో అలాగే ఉంది. పండుగ నాడు ఇంటి పెద్దకోడలు ఆ కుండకు ఎదురుగా నేల మీద కూర్చుని, మూడు రాళ్ల పొయ్యి మీద కొత్త బియ్యం వండి, మోదుగాకుల్లో పెద్దలకు పెట్టాలి. పొయ్యి వెలిగించిన దగ్గర్నుంచి ఆకుల్లో అన్నం పెట్టేదాకా లేవకూడదు. వాళ్ల ముందు ఎత్తు మీద కూర్చోకూడదు, పీట కూడా పనికిరాదు. వాళ్ల వైపు కాళ్లు చాపకూడదు. మా అత్త పోయాక ఇరవై రెండేళ్లు ఆ పని నేనే చేశాను. స్కూల్లో రెండు వందల మందికి వండినా రాని తృప్తి ఆ చిన్న కుండ దించితే వచ్చేది.

కొత్త మోకాలు మడిచి నేల మీద కూర్చోలేను గనక, ఆపరేషన్ అయిన ఏడు కుర్చీ తీసుకుని పోయాను. ప్లాస్టిక్ కుర్చీ. మా చిన్నమామ జంపయ్య పండుగ జరిపించే పెద్దమనిషి. కుర్చీని చూసి గుమ్మంలోనే ఆపేశాడు.

"కోడలా, పెద్దల మీదికెక్కి కూసుంటవా?" అన్నాడు.

గడప ఇవతల కూర్చున్నాను. లోపల ముత్యాలు కూర్చుంది. పొగ నా మొహం మీదికి వస్తూ ఉంటే, బాగుంది, కళ్లలో నీళ్లకు సాకు దొరికింది అనుకున్నాను. నిరుడూ అంతే. పైగా నిరుడు పండుగ మర్నాటి నుంచి నాలుగు రోజులు ముత్యాలు నా గడప తొక్కలేదు. పెత్తనం చేతికొచ్చింది, ఇక నాతో పనేముందిలే అనుకున్నాను. మూడేళ్లు వరసగా ఎవరు కూర్చుంటే ఆ చోటు వాళ్లదవుతుంది మా ఇంట్లో. పెద్దలు ఆ చేతికి అలవాటు పడతారంటాడు జంపయ్య మామ. ఈ ఏడు ముత్యాలు కూర్చుందంటే నేను చచ్చేదాకా గడప ఇవతలే.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన వారానికి పత్తి చేను చూసి వస్తున్నాను. చూడటమే, ఏరడం నా వల్ల ఎక్కడవుతుంది? వాగు దగ్గరికొచ్చేసరికి నడుం ఇక చాలంది. గట్టు అంచున కర్ర ఊని, కాళ్లు కిందికి వదిలి, మెల్లిగా కూలబడ్డాను. కాసేపటికి ఊపిరి కుదుటపడింది. రెండు పక్కలా అరచేతులు ఆనించాను. చల్లని మట్టి. అప్పుడు తట్టింది. ఓసి కన్నమ్మా, నువ్వు నేల మీద కూర్చున్నావే! రెండేళ్ల తర్వాత! మోకాలు వంగినంతే వంగింది, కాళ్లు కింద, మనిషి నేల మీద. ఎవ్వరూ లేరు గనక సరిపోయింది గానీ, పెద్దగానే నవ్వాను.

ఆ సాయంత్రం మా ఆయన బొజ్జయ్యకు చెప్పాను. "పెద్దల కుండ ముందట గుంత తవ్వాలె. మోకాలి లోతు, మూరెడు ఎడల్పు. పక్కన దిగనీకి ఒక మెట్టు."

బొజ్జయ్య నములుతున్న తమలపాకు ఆపాడు. "పెండ్లాం బతికుండంగనే గుంత తవ్వమంటున్నవా? ఊరు ఏమంటదే?"

"ఊరు నా నడుం మోస్తదా?"

"జంపయ్య మామ ఒప్పుకోడు."

"ఆయన్ని నేను చూస్కుంట. నువ్వు గునపానికి సాన పెట్టు."

జంపయ్య మామకు ఎనభై దాటాయి. పండుగ నాడు పొద్దున్నే కర్ర తాటిస్తూ వచ్చాడు. నేను గుంత మాట ఎత్తగానే ఆయన గొంతు పెద్దదైంది. "పెద్దలున్న నేలల గునపం దించుతరా? మనిషికి గుంత తవ్వేది ఎప్పుడో ఎరికేనా నీకు?"

"ఎరికె మామా. నేను పోయినప్పుడు ఎట్లయినా తవ్వుతరు. బతికున్నప్పుడు ఒకసారి తవ్వితే ఏం పోయింది?"

"నోరు ముయ్యి."

"మూస్త. ఒక్కటి చెప్పు. కుర్చీ మీద కూసుంటే వాళ్లకంటె ఎత్తంటివి. ఒప్పుకున్న. కాళ్లు చాపితే తప్పంటివి. అదీ ఒప్పుకున్న. గుంతల కాళ్లు పెట్టి కూసుంటే నేను వాళ్లకంటె కిందనే ఉంట గద. నేలకంటె దిగువకు పోయి మొక్కితే గూడ తప్పేనా?"

మామ ఒకసారి నా కాలు వైపు, ఒకసారి కుండ వైపు చూశాడు.  చివరికి, "నేను చెప్పేదేంది? వాళ్లనే అడుగుదాం" అన్నాడు.

వాళ్లను అడగడమంటే కోడిని అడగడం. కుండ ముందు నేల మీద గింజలు చల్లి కోడిపెట్టను వదులుతారు. గింజ ముడితే పెద్దలు సరే అన్నట్టు. ముట్టకపోతే కాదన్నట్టు. ఆ కోడి కుండ ఉన్న ఇంటిదే అయి ఉండాలి. అంటే ముత్యాలు ఇంటిది.  తన పీఠం పోగొట్టుకోవడానికి ఎవరు సాయం చేస్తారు? పొద్దున్నే గంపెడు నూకలు మేపే ఉంటుంది, ఇక అది గింజేం ముడుతుంది, నేనైతే అదే చేద్దును అనుకున్నాను.

ముత్యాలు గోధుమరంగు పెట్టను చంకలో పెట్టుకుని వచ్చి కిందికి వదిలింది. నా వైపు చూడలేదు. కోడి ఒక అడుగు వేసింది. మెడ ఎత్తి జంపయ్య మామ తలపాగాను చూసింది. ఒక కాలు ముడుచుకుని నిలబడింది. నిలబడు తల్లీ నిలబడు, నీకేం, నీవి వంగే మోకాళ్లు అని తిట్టుకున్నాను. ఆ తర్వాత అది ఒక్కసారిగా గింజల మీద పడింది. ఒకటి కాదు రెండు కాదు, చల్లినవన్నీ ఊడ్చేసి, ఇంకా కావాలన్నట్టు నేలను పొడవసాగింది.

"గట్లనే కానియ్యుండ్రి. కాని పండుగైనంక అదే మట్టితోని పూడ్వాలె" అన్నాడు మామ.

బొజ్జయ్య తవ్వాడు. మట్టిని తట్టకెత్తి మూలకు పెట్టాడు. గోడ పట్టుకుని ముందు మెట్టు మీదికి, తర్వాత గుంతలోకి దిగి, వెనక్కి ఒరిగి అంచు మీద కూర్చున్నాను. నా కింద అలికిన నేల. ఎదురుగా చెయ్యి చాపితే అందేంత దూరంలో పొయ్యి, దాని వెనక మసిపట్టిన పెద్దల కుండ. చీర కుచ్చిళ్లు సర్దుకుని పుల్ల గీశాను.  

గంట పట్టింది అన్నం ఉడకడానికి. అరగంటకే తుంటి మొదలుపెట్టింది. ముక్కాలు గంటకు నడుం అందుకుంది. తలుపు దగ్గర నిలబడ్డ ముత్యాలు నా మొహమే చూస్తోంది. చూడు చూడు, ఎప్పుడు పడతానా అని చూడు అనుకుని ఇంకా నిటారుగా కూర్చున్నాను. కొత్త బియ్యం వాసన వచ్చింది. దించాను. ఏడు ఆకుల్లో పెట్టాను. మా అత్త పేరు తలుచుకుని ఏడో ఆకులో ఒక ముద్ద ఎక్కువే వేశాను. ఆవిడకు తిండి దగ్గర మొహమాటం లేదు.

జంపయ్య మామ ఇప్పసారా చుక్కలు చల్లి, "ఇగ లే కోడలా" అన్నాడు.

లేవడం మరో కథ. ఖమ్మంలో కసరత్తు నేర్పిన అమ్మాయి చెప్పింది, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు చెడ్డ కాలు ముందు అని. గుంతలో నిలబడి ఆలోచించాను. ఇప్పుడు నా కాళ్లలో మంచిదేదో నాకే తెలియదు. బొజ్జయ్య ఒక చెయ్యి పట్టాడు, మరిది ఒక చెయ్యి పట్టాడు, వెనక నుంచి ఎవరో నడుం కింద రెండు చేతులూ పెట్టి పైకి నెట్టారు. పైకొచ్చి తిరిగి చూస్తే ముత్యాలు. నెట్టిన మనిషి లేవలేక గుంత పక్కనే మోకాళ్ల మీద ఉండిపోయింది. మొహం పాలిపోయింది.

"ఏమైందే?" అన్నాను.

"ఏంగాలే" అంది.

అందరూ ముందు వసారాలో తినడానికి కూర్చున్నాక ఆ గదిలో మేమిద్దరమే మిగిలాం. ముత్యాలు గోడకానుకుని, ఏడవకుండా మాట్లాడటానికి చాలా కష్టపడుతూ చెప్పింది.

"నిరుడు ఈడ కూసొని లేసినంక నాల్గు దినాలు మంచం దిగలే అక్కా. రెండు మోకాళ్లు బుస్స పొంగినయ్. నీతోని చెప్పుకుందామంటే నువ్వు మీదికే వస్తివి. ఈయేడు ఎట్ల కూసునుడా అని నెలదినాల సంది నిద్రలేదు."

 ఆ నాలుగు రోజులూ నేను వీధిలో నిలబడి దాని పొగరు గురించి పదిమందికి చెప్పాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"మరి జంపయ్య మామకు చెప్పకపోయినవ్?"

"ఇద్దరు కోడండ్లు కూసోలేమంటే ఇగ ఆ కుండ ముందట ఎవరుండాలె?" కాస్త ఆగి, గొంతు తగ్గించి అంది. "నిన్న పొద్దుగాల సంది ఆ కోడికి గింజ ఎయ్యలే."

"ఏంది?"

"గుంత సంగతి బావ చెప్పిండు, మామ కోడినే అడుగుతడని ఎరికె. గంప కింద మూసి పెట్టిన. పాపం, నీళ్లే పోసిన. పెద్దలు ఏమనుకున్నా సరే, నువ్వు కూసోవాలె అనుకున్న."

నేను దాని మొహం చూశాను. నవ్వాలో ఏడవాలో తెలియక దాని తల మీద మెత్తగా ఒకటి మొట్టాను. "దొంగముండా, నేను నిన్ను ఎన్ని మాటలు అనుకున్ననే" అన్నాను. అప్పుడు మాత్రం ఏడ్చింది.

నాకు చేతనైంది ఒకటే. "పో, గుంతల కాళ్లు పెట్టి కూసో" అన్నాను. అది భయపడింది. నేను గదమాయించాను. గోడ పట్టుకుని దిగి, అంచు మీద కూర్చుని, "అబ్బా" అంది. ఆ అబ్బా నాకు తెలుసు. వాగు గట్టు మీద నేను నవ్విన నవ్వులోనూ అదే ఉంది.

బొజ్జయ్య మట్టి తట్ట కోసం వచ్చాడు. "పూడ్వమంటుండు మామ" అన్నాడు.

"వద్దు" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"మరి ఆయనకేం చెప్పాలె?"

"మళ్ల కోడిని అడుగుదామని చెప్పు. రేపు గాదు, ఎల్లుండి" అంది ముత్యాలు.

బొజ్జయ్యకు ఏమీ అర్థం కాలేదు. తట్ట అక్కడే వదిలేసి పోయాడు. నేను ఆకులో అన్నం పెట్టి, నిలబడే ముత్యాలు చేతికిచ్చాను. ఆకు ముందు పెట్టుకుని రెండు ముద్దలు తిని, తల ఎత్తకుండా అడిగింది. "అక్కా, ఇప్పుడన్న నిజం చెప్పు. నేను గూడ మోకాళ్లు మార్పించుకోనా? బాగైతదా?"

బాగైతది అనే మాట అలవాటు కొద్దీ నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"మోకాలు బాగైతది. మనం బాగయ్యేది మటుకు నాకు తెల్వదు ముత్యాలూ. నాకు తుంటి గుంజుతది. నడుం నిలవది. ఎడమది గూడ పోయింది. రెండేండ్ల సంది అందరికి అబద్ధమే చెప్తున్న. బాగా అలిసిపోయిన."

ముత్యాలు చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది. నేను అంతగా ఎవరి దగ్గరా చెప్పలేదు, బొజ్జయ్య దగ్గర కూడా.

"అయినా చేయించుకో" అన్నాను. "పాత నొప్పి కంటె ఇది నయమే. రెండోదానికి నన్ను గూడ రమ్మన్నడు డాక్టరు. ఇద్దరం పోదాం. ఏడిస్తే పక్కపక్క మంచాల మీద ఏడ్వొచ్చు."

ముత్యాలు ఆకు ఖాళీ చేసింది. తర్వాత, "ఇంకొంచెం అన్నం పెట్టు" అంది.

గంటెతో తీశాను గానీ ఆకు నేల మీద ఉంది, నేను అంత కిందికి వంగలేను. ముత్యాలేమో లేవలేదు. ఆకును రెండు చేతులతో తల మీదికెత్తి పట్టుకుంది. నేను అందులో అన్నం పెట్టాను.